ఇసుక కింది ఇల్లు

పోయిన వారం అత్తాకోడళ్లిద్దరినీ గాల్లో వదిలేసి కథ ఆపవలసి వచ్చింది. కోపం తెచ్చుకున్న పాఠకులకు ముందుగా ఒక మాట: ఇద్దరూ బతికే ఉన్నారు.

సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద ఉన్న ఆ ఊరిని కాపాడుతున్నది సరుగుడు అడవి. అది తనంతట తాను పుట్టిన అడవి కాదు. ఊరంతా పెద్దాయన అని పిలుచుకునే ఒక మేస్త్రీ మనిషి వెనక మనిషిని నిలబెట్టి నాటించిన అడవి. ఆయన విగ్రహం ఇప్పటికీ అడవి మొదట్లో, చేతిలో మొక్కతో నిలబడి ఉంది. ఆయన కూతురే మన అత్తగారు. ఊళ్లో ఆవిడని అడవమ్మ అంటారు. రేవుకు రోడ్డు వెయ్యడానికి ఆ అడవి మధ్యలోంచి గీత గీసింది ఆవిడ కోడలే. సర్వేయరు ఉద్యోగం ఆమెది. ఆ గీత వెంట చెట్లు కొట్టే పని తీసుకున్నది ఆవిడ కొడుకే. కోత మిల్లు నడుపుతాడు. మిషన్లు అడవిలోకి దిగే రోజు పొద్దున్నే అత్తగారు చేతికర్ర పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి వెళ్లిపోయింది. వెనక్కి తీసుకురావడానికి కోడలు పరుగెత్తింది. అడవి నడుమ ఒక ఎత్తయిన దిబ్బ మీద ఆవిడ చెయ్యి దొరకబుచ్చుకుని ఇటు లాగిందో లేదో, ఇద్దరి కాళ్ల కిందా నేల నోరు తెరిచింది.

అక్కడినుంచి వినండి.

కోడలు కళ్లు తెరిచేసరికి నోటినిండా ఇసుక. ఉమ్మింది. మళ్లీ ఉమ్మింది. ఎంత ఉమ్మినా పళ్ల సందున కరకరలాడుతూనే ఉంది. ఎటు చూసినా చీకటి. తలెత్తితే మాత్రం పైన ఎక్కడో వేళ్ల అల్లికలోంచి దారప్పోగంత వెలుతురు. వాళ్లు పడిన కన్నం వాళ్ల వెనకే పూడుకుపోయింది. ఆ పూడికలోంచి ఇసుక ఇంకా జారుతూనే ఉంది. సన్నగా, తీరిగ్గా, ఎవరో చేటలోంచి వంపుతున్నట్టు.

"అత్తయ్యా!"

జవాబు లేదు. చేతులతో చుట్టూ తడిమింది.

"అత్తయ్యా! ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటాను? తోసినచోటే ఉన్నాను," అంది చీకట్లోంచి ఒక గొంతు.

ఆ వెటకారం చెవిన పడగానే కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్లు కూడా మండింది.

"తొయ్యడమేంటి? నేను లాగాను!"

"లాగినా తోసినా పడ్డది నేనే కదా."

"నేనూ పడ్డాను."

నిజానికి ఆ ఇద్దరూ ఇన్ని మాటలు ఎదురెదురుగా అనుకుని చాలా రోజులైంది. అడవిలో గీత గీసిన నాటినుంచి ఆవిడ కోడలితో నేరుగా మాట్లాడడం మానేసింది. ఏదైనా పనిపడితే పొయ్యితో చెప్పేది. ఉప్పు నిండుకుందని తెలిసినవాళ్లు తెస్తే బావుండు అని పొయ్యి వంక చూసి అనేది. కోడలు కూడా తక్కువ తినలేదు. తెచ్చిన ఉప్పు పొయ్యి పక్కనే పెట్టి, ఇదిగో ఉప్పు అని పొయ్యికే చెప్పేది. మధ్యలో ఆ మగమనిషి ముద్ద దిగక కంచం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చునేవాడు.

ఇక్కడ పొయ్యి లేదు. ఇద్దరే ఉన్నారు.

కోడలు జేబు తడుముకుని ఫోను బయటికి తీసింది. అద్దం పగిలింది కానీ వెలుగుతోంది. ఇసుక కింద దానికి ఎవరూ పలకలేదు. దీపానికి మాత్రం పనికొచ్చింది. ఆ వెలుతురులో చుట్టూ చూసింది.

అది గొయ్యి కాదు. గది.

సున్నం వేసిన గోడలు. గోడలో దీపం పెట్టుకునే గూడు, గూట్లో నోరు విరిగిన మట్టి ముంత. ఒక మూల బల్ల, దాని మీద వేలెడు మందాన ఇసుక. పైకప్పు చెక్కలు పడవ అడుగుకి కొట్టినట్టు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి కొట్టి ఉన్నాయి. అందుకే కాబోలు ఇన్నేళ్ల బరువుకీ కూలలేదు. చెక్కల సందుల్లోంచి సరుగుడు వేళ్లు జుట్టు విరబోసుకున్నట్టు కిందికి వేలాడుతున్నాయి. ఒక్క మూల, వాళ్లు పడినచోట, నాలుగు చెక్కలు విరిగి ఉన్నాయి.

అత్తగారు ఆ బల్లకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమకాలి చీలమండ దగ్గర అప్పుడే వాపు తేలింది. చేతికర్ర మాత్రం వదల్లేదు. ఆవిడ చూపు కోడలి వైపు లేదు, కాలి వైపు లేదు. గోడలో గూట్లో ఉన్న ముంత మీద ఉంది. తప్పిపోయిన మనిషి సంతలో హఠాత్తుగా ఎదురైతే ఎలా చూస్తారో అలా చూస్తోంది.

కోడలికి అదంతా గమనించే తీరిక లేదు. ఆమె విరిగిన చెక్కల కింద ఇసుక గుట్ట ఎక్కి, రెండు చేతులా పైకి తవ్వడం మొదలుపెట్టింది. రెండు దోసిళ్లు తీసిందో లేదో గడ్డకట్టిన ఇసుక భళ్లున జారి ఆమెని నడుము దాకా ముంచేసింది. కాళ్లు ఊడబెరుక్కుని బయటపడేసరికి ఊపిరి అందలేదు. ఇందాక చేటలోంచి వంపినట్టున్న ధార ఇప్పుడు బిందెలోంచి వంపినట్టయింది.

ఇసుక సంగతి ఆమెకి తెలుసు. నీళ్లకైనా ఒక మట్టం ఉంటుంది. ఇసుకకి ఖాళీ ఉంటే చాలు, ఆ ఖాళీ నిండేదాకా ఆగదు. ఈ గది నిండడానికి ఎంతసేపు పడుతుందో లెక్కవెయ్యబోయి, వెయ్యకూడదని మానేసింది.

"పైకి తవ్వితే మనమే పూడిపోతాం," అంది దులుపుకుంటూ. "పక్కకి వెళ్లే దారి చూడాలి."

ఫోను వెలుతురు గోడల మీద తిప్పింది. ఎదుటి గోడకి తలుపు. పొట్టి తలుపు. తల వంచి వెళ్లవలసిన లోపలి గది తలుపు. ముప్పాతిక వంతు శుభ్రంగా ఉంది, గడప దగ్గర మాత్రం కొంచెం ఇసుక పేరుకుంది. ఆ ఊళ్లో అన్ని తలుపులూ లోపలికే తెరుచుకుంటాయి. బయటికి తెరుచుకునేలా పెడితే పొద్దున లేచేసరికి గడప బయట పేరిన ఇసుక తలుపుని కదలనివ్వదని పాతకాలంలో చేసుకున్న ఏర్పాటు. తొయ్యగలిగితే చాలు.

ఆమె తలుపు మీద చెయ్యి వెయ్యబోయింది.

"అది ముట్టుకోకు."

పొయ్యితో కాదు, గోడతో కాదు. కోడలి మొహం మీదే అన్న మాట. ఆ గొంతులో వెటకారం లేదు.

"వీధి తలుపు తీస్తే దిబ్బంతా మీద పడుతుంది. అదొక్కటే దారి అత్తయ్యా."

"దారి కాదు. వెనక్కి రా."

"మీకేం తెలుసు దాని వెనక ఏముందో?"

"నాకు తెలుసు కనకే చెబుతున్నాను. వెనక్కి రా అంటున్నానా!"

కోడలు వెనక్కి తిరిగింది. అత్తగారి పెదవులు వణుకుతున్నాయి. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ పెదవి వణకడం ఆమె చూడలేదు. భర్త పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందించిన మనిషి.

"అత్తయ్యా, ఒక సంగతి చెప్పండి. ఈ అడవిలో ఎన్నో దిబ్బలున్నాయి. మిషన్లకి అడ్డం కూర్చోవాలంటే రోడ్డు గీత మొదట్లోనే కూర్చోవాలి. మీరు సరాసరి ఈ దిబ్బ ఎక్కారు. ఎందుకెక్కారు?"

ఆవిడ చూపు మళ్లీ గూట్లో ముంత మీదికి పోయింది.

"ఈ ఇల్లు ఇక్కడుందని మీకు తెలుసు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"పుట్టిన ఇల్లు ఎవరికి తెలీదు?"

కోడలికి ముందు ఆ మాట అర్థం కాలేదు. తర్వాత అర్థమై, తలుపు పక్కనే చతికిలబడింది.

"మీరు పుట్టింది పెద్దాయన ఇంట్లో కదా. మన ఇంట్లో. నడిమి గదిలో."

"అలా అని చెప్పారు. నేనూ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించేది." ఆవిడ వేలు ఎత్తి గూటిని చూపించింది. "ఆ ముంత నేనే విరగ్గొట్టాను. నీళ్లు తాగబోయి జార్చాను. మా నాన్న తిట్టలేదు. మూతి విరిగితే ఏమైంది, కడుపు బాగానే ఉందిగా అన్నాడు."

"మీ నాన్న..."

"పెద్దాయన కాదు. ఈ ఇంటాయన. పడవలు బాగుచేసేవాడు."

అప్పుడు, ఇసుక ఒక మూల నిండుతూ ఉండగా, అడవమ్మ ఆ అడవి పుట్టుక చెప్పింది. విగ్రహం కింద పలక మీద చెక్కినది కాదు, ఏటేటా మొక్కలు నాటే రోజున బడిపిల్లల చేత చెప్పించేది కాదు. వేరేది.

ఆవిడ చిన్నతనంలో ఆ ఊరికి పగలూ రాత్రీ ఒకటే పని, ఇసుక ఎత్తిపొయ్యడం. పొద్దున లేస్తే గడపలో ఇసుక, పక్కబట్టల్లో ఇసుక, నోట్లో పెట్టుకున్న ముద్దలో ఇసుక. గాలి రేగిన రోజున ఎదురింటివాళ్లు కనబడేవాళ్లు కాదు. ఒక్కో ఏడు ఒక్కో వీధి చివర వెనక్కి జరుగుతూ ఉండేది. ఊరొదిలి పోదామా అన్న మాట కూడా వచ్చింది. అప్పుడు వచ్చాడు మేస్త్రీ. కాలవ పనులు చేయించిన మనిషి. ఇసుకతో పోట్లాడితే గెలవలేం, దాన్ని ఒకచోట కూర్చోబెట్టాలి అన్నాడు. రెల్లుతో తడికలు కట్టి వరసగా నిలబెడితే గాలి తడికల్ని దాటుతుంది, మోసుకొచ్చిన ఇసుకని మాత్రం అక్కడే దించేస్తుంది. దిబ్బ పెరిగిన కొద్దీ దాని మీద గడ్డి, గడ్డి పట్టాక తీగలు, తీగలు పాకాక సరుగుడు మొక్కలు. మొక్క మొక్కకీ కుండతో నీళ్లు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాలేదు. అడవి అలాగే లేచింది, ఊరు అలాగే నిలిచింది.

"అయితే ఇసుకని ఎక్కడ కూర్చోబెట్టాలి?" అంది అత్తగారు. "అదొక్కటీ పలక మీద రాయలేదు. సముద్రం పక్కన ఖాళీ లేదు. సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్నది మా వీధి. పడవల వాళ్ల వీధి. పెద్దలందరూ కూర్చుని, తడికలు మా వీధికి ఇవతల కట్టాలన్నారు. ఇవతల అంటే తెలిసిందా? ఊరి వైపు. ఇసుక వచ్చి మా ఇళ్ల మీద కూర్చోవాలి."

కోడలికి తెలిసింది. ఆమె వృత్తే గీతలు గియ్యడం. ఎక్కడో ఒకచోట గియ్యాలి కదా అని ఆమె కూడా ఎన్నోసార్లు అంది. పోయిన నెల ఇంట్లో, పొయ్యి వైపు చూసి, ఆ మాటే అంది.

"ఒక్క ఏడాదే, గాలులు తగ్గాక మళ్లీ వచ్చెయ్యండి అన్నారు. మిగతావాళ్లు బళ్లకెత్తుకుని వెళ్లారు. మా నాన్న వెళ్లలేదు. అమ్మ అప్పటికే పోయింది. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని మేస్త్రీ ఇంటికి తీసుకెళ్లి అరుగు మీద దింపాడు. 'గాలి తగ్గేదాకా పిల్లని చూసుకోండయ్యా. నేను మాత్రం నా ఇంట్లోనే ఉంటాను. మనిషి లోపలుండగా మీరు తడికలు కట్టలేరు' అన్నాడు. నాకు బాగా గుర్తు. నవ్వుతూనే అన్నాడు. గెలిచినట్టు నవ్వాడు."

"కట్టారా?"

"ఆ మర్నాడే కట్టారు."

ఇసుక బల్ల కాళ్లని అందుకుంది. కోడలు లేచి అత్తగారిని చంకల కింద చేతులు వేసి ఇటు జరిపింది. ఆవిడ ఒళ్లు తేలిగ్గా, పక్షి ఒళ్లులా ఉంది. ఎప్పుడు ఇంత చిక్కిపోయిందో ఒకే ఇంట్లో ఉంటూ గమనించలేదే అనుకుంది కోడలు.

"గాలి ఆగకుండా కొట్టింది. ఆగాక మేస్త్రీ ఒక్కడే ఇటు వచ్చాడు. తిరిగొచ్చి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. 'కప్పు మీంచి దిగి నా కళ్లతో చూశానమ్మా. లోపలి గదిలో మంచం మీదే నిద్దట్లో పోయాడు. ఏమీ బాధపడలేదు. ఇవాళ్టినుంచి నువ్వు నా కూతురివి' అన్నాడు. ఊళ్లో పెద్దవాళ్లకి తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. మెదిపితే అందరూ దోషులే కదా. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. నేనొక్కదాన్నే మిగిలాను."

"మీ అబ్బాయికి?"

"వాడికేం తెలుసు? వాడికి తాతంటే దేవుడు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "నాక్కూడా ఆయన తక్కువ చెయ్యలేదమ్మా. అదే కదా నా బాధ. అసహ్యించుకుందామంటే ఆయన కలిపి పెట్టిన ముద్దలు గుర్తొచ్చేవి. నాన్నా అని పిలుద్దామంటే ఈ ఇల్లు గుర్తొచ్చేది. ఎటూ కదలనివ్వలేదు ఆ మనిషి నన్ను. ఏటేటా వెళ్లి ఆ విగ్రహానికి దండ వేసి, చప్పట్లు కొట్టించుకుని, ఇంటికొచ్చి తలుపేసుకునేదాన్ని. మీరందరూ ఏమనుకున్నారు? అడవి కోసం పోట్లాడుతున్నాననుకున్నారు. చెట్లు పోతే పోనీ, మళ్లీ నాటుకోవచ్చు. నేను పోట్లాడింది సమాధి కోసం. మా నాన్న మీదనుంచి రోడ్డు వెయ్యకండ్రా అని నోరు తెరిచి చెప్పుకోలేక, మొక్కలు, గాలులు, పర్యావరణం అని మీటింగుల్లో అరిచాను."

కోడలికి ఒక సంగతి గుర్తొచ్చింది. గీత గీసిన రోజున ఈవిడ మీటింగులో లేచి, మా నాన్న ఉన్న చోట ఒక్క చెట్టు ముట్టుకున్నా ఒప్పుకోను అంది. నాటిన చోట అనబోయి ఉన్న చోట అందనుకుని పక్కనున్నవాళ్లు సర్దుకున్నారు. తను నవ్వుకుంది కూడా.

"నాకు చెప్పి ఉండాల్సింది అత్తయ్యా."

"ఏమని చెప్పను? అత్తగారు అబద్ధం అని చెప్పనా?"

"గీత జరిపేదాన్ని."

"జరిపితే ఇంకెవరి మీదనుంచో పోయేది."

ఆ మాటకి కోడలు దెబ్బతిన్నట్టు చూసింది. అత్తగారు మాత్రం దెబ్బకొట్టాలని అనలేదు. అలిసిపోయి అంది.

విరిగిన మూలనుంచి ఇంకో చెక్క పుటుక్కున ఊడి పడింది. దాని వెనకే ఇసుక. బల్ల కనబడకుండా పోయింది. గూట్లో ముంత దాకా రావడానికి ఇంకెంతో లేదు. కోడలు అత్తగారి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ తలుపు తియ్యకపోతే మనం కూడా ఆయన పక్కనే ఉండిపోతాం. మీకు అది ఇష్టమేమో, నాకు తెలీదు. నాకు ఇష్టం లేదు. మీరు వద్దంటే మీ మాట కాదని తియ్యాలి, అది కూడా నాకు ఇష్టం లేదు. మీరే చెప్పండి."

అత్తగారు తలుపు వంక చూసింది. అయిదేళ్ల పిల్ల ఒకతె ఆ తలుపు వెనక మంచం మీద తండ్రిని పడుకోబెట్టుకుని ముసలిదైపోయింది. కళ్లు మూసుకుంటే ఆ మంచం కనబడేది. పెళ్లినాడు కనబడింది, కొడుకు పుట్టినప్పుడు కనబడింది. ఇప్పుడు తెరిస్తే ఎముకలు కనబడతాయి. ఎముకలు చూశాక నవ్వుతూ అరుగు మీద దింపిన మనిషి మొహం మళ్లీ గుర్తొస్తుందో రాదో.

"నన్ను లేపు," అంది చివరికి.

కోడలు లేపింది. ఆవిడ ఒంటికాలి మీద గెంతుతూ తలుపు దగ్గరికి వెళ్లి, గడప దగ్గరి ఇసుకని కర్రతో తనే గీకి, తలుపు మీద అరచెయ్యి ఆనించింది. "నాన్నా, నేనే," అని మెల్లిగా అంది. ఎవరి ఇంట్లోకైనా వెళ్లే ముందు చెప్పినట్టు.

ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. కదల్లేదు. మళ్లీ తోశారు. చెక్క మూలిగింది. మూడోసారి కోడలు వెనక్కి జరిగి ఒళ్లంతా వేసి గుద్దింది. తలుపు జానెడు, తర్వాత మూరెడు తెరుచుకుని, ఇన్నేళ్లూ నిలవున్న గాలి చల్లగా మొహాన కొట్టింది. కుళ్లు వాసన లేదు. చెక్కపొట్టు వాసన.

అత్తగారు కళ్లు గట్టిగా మూసుకుని నిలబడిపోయింది. "నువ్వు చూడు. చూసి చెప్పు. మొహం ఎటుందో చెప్పు."

కోడలు ఫోను ఎత్తి లోపలికి చూసింది. అటు వెలుతురు తిప్పింది, ఇటు తిప్పింది. మంచం ఉంది. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. మంచం కింద చూసింది. మూలలు చూసింది.

"అత్తయ్యా."

"చెప్పు. ఫరవాలేదు."

"కళ్లు తెరవండి. ఇక్కడ ఎవరూ లేరు."

అత్తగారు కళ్లు తెరిచింది. గడప దాటింది. మంచం దగ్గరికి వెళ్లి దుప్పటిని తడిమింది, దాని కింద తడిమింది, చివరికి తివాచీ కింద నాణెం వెతికినట్టు మంచం నులక మీద అరచేతులు పరిచి ఆ చివరినుంచి ఈ చివరిదాకా రాసింది. ఒక ఎముక లేదు. ఒక గుడ్డపేలిక లేదు.

"మంచం మీదే అన్నాడు," అంది. "తన కళ్లతో చూశానన్నాడు."

కోడలు గది నడిమధ్య ఉన్న నిట్రాడుని చూస్తోంది. ఇంటి కప్పు మొయ్యడానికి వేసిన ఆ లావుపాటి స్తంభం పొడుగునా మెట్లు చెక్కి ఉన్నాయి. స్తంభం చుట్టూ నేల మీద చెక్కముక్కలు, ఎండి, బూడిదరంగు తిరిగి, పడినవి పడినట్టే ఉన్నాయి. ఆ మెట్ల వెంట వెలుతురు పైకి తీసుకెళ్లింది. మెట్లు ఎక్కడ ఆగాయో అక్కడ కప్పు చెక్కలు మనిషి పట్టేంత మేర తెగి ఉన్నాయి. విరగలేదు. తెగాయి. వడ్రంగి బాడిసతో, కిందినుంచి, వాలుగా, పనితనం తెలిసినవాడు తెగ్గొట్టినట్టు. ఆ కన్నం మీద పైనుంచి ఎవరో తడిక కప్పారు, దాన్ని తర్వాత వేళ్లు అల్లుకుని, ఇసుక పట్టి మూసేశాయి.

"ఆయన ఇక్కడ చచ్చిపోలేదు అత్తయ్యా," అంది కోడలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "కప్పు కొట్టుకుని పైకి వెళ్లిపోయాడు. మేస్త్రీ గారు నిజంగా ఈ గదిలోకి చూసి ఉంటే ఆయనకి కనబడింది ఖాళీ మంచం, ఈ కన్నం. అంతే."

అత్తగారు మంచం మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. నోరు కొంచెం తెరుచుకుని, బడిలో లెక్క తప్పని తేలిన పిల్లలా చూస్తోంది. ఇన్నేళ్ల ఏడుపు ఎవరికోసం ఏడ్చినట్టు? ఎవరి మీద రోడ్డు వెయ్యొద్దని అరిచినట్టు? బతికి బయటపడ్డవాడు కూతురికోసం ఎందుకు రాలేదు?

"రాలేదు," అంది పైకే. "బతికుండీ రాలేదు. నేను అరుగు మీదే ఉన్నాను కదే. ఎంత దూరమని?"

కోడలు వినిపించుకోలేదు. నిట్రాడు దగ్గరికి వెళ్లి ఒక మెట్టులో చెయ్యి పెట్టింది. మామూలు గాటు కాదు అది. పాదం జారకుండా అంచున చిన్న పెదవి వదిలి, లోపలికి వాలుగా చెక్కిన గాటు. ప్రతి గాటు పక్కనా బొటనవేలు పట్టేంత గుంట, చేత్తో పట్టుకోవడానికి. పై మెట్టుకి కుడివైపు, కింది మెట్టుకి ఎడమవైపు. ఆమె ఆ గుంటలో వేలు పెట్టింది. వేలు సరిగ్గా ఇమిడింది. ఆ ఇమడడం ఆమె చేతికి తెలుసు.

చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది.

పోయిన వారమే. రోడ్డు గీతకి అడ్డం వస్తున్నదని తేలిన ఒకే ఒక్క గుడిసె, అడవికి దక్షిణపు కొసన. అందులో తొంభైకి దగ్గరపడ్డ ముసలాయన ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు మొక్కలకి నీళ్లు మోసేవాడట. మాట రాదట. మూగతాత అంటారు. గడపలో సర్వే మేకు కొట్టడానికి వెళ్లినప్పుడు, తాతా, ఖాళీ చెయ్యాలి అని చెవిటివాడితో అరిచినట్టు అరిచింది తను. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఆమె మొహంలోకి కాసేపు చూసి, కూర్చోమని పీట వేశాడు. ఎత్తు కొలవడానికి గుడిసెలో అటక ఎక్కవలసి వచ్చింది. నిచ్చెన లేదు. నిట్రాడుకే మెట్లు. ప్రతి మెట్టు పక్కనా వేలు పట్టే గుంట. ఎంత తెలివిగా చెక్కావు తాతా అని మెచ్చుకుంది కూడా.

"అత్తయ్యా," అంది. "ఈ మెట్లు నేను చూశాను."

చెప్పింది. మూగతాత అన్న మాట వినగానే అత్తగారు లేచి నిలబడింది. వాచిన కాలి సంగతే మరిచిపోయింది.

"నీళ్ల మూగాయనా? నేను బడికెళ్తుంటే రోజూ దారిలో నీళ్ల కావిడి దించి నిలబడేవాడు. నేను వెళ్లేదాకా ఎత్తుకునేవాడు కాదు. గడ్డం కమ్మేసిన మొహం, నేను పోల్చుకోలేదు. భయమేసి మేస్త్రీ గారికి చెప్పాను. మర్నాటినుంచి ఆయన్ని దక్షిణపు కొసకి పంపేశారు." ఆవిడ నిట్రాడు పట్టుకుంది. "నేనే చెప్పాను."

కోడలికి అంతకన్నా భయంకరమైన సంగతి ఇంకొకటి తెలుసు. అది ఎలా చెప్పాలో తెలియక పెదవి కొరుక్కుంది. పొద్దున ఫలహారం దగ్గర భర్త అన్న మాట. ముందు ఆ మూగతాత గుడిసె తీసేసి తర్వాత చెట్ల పని మొదలుపెడతాం అన్నాడు. ముసలాయన లోపల గడియ వేసుకుని కూర్చున్నాడట, ఇల్లు వదలనని సైగలు చేస్తున్నాడట. మిషను చప్పుడు వింటే తనే బయటికొస్తాడులే అన్నాడు. పని గురించి వచ్చినవాళ్లందరూ నవ్వారు. కాగితం మీద సంతకం పెడుతూ తనూ నవ్వింది.

చెప్పక తప్పలేదు. చెప్పింది.

అత్తగారు ఏమీ అనకముందే పైన నేల అదిరింది. మొదట దూరంగా, తర్వాత దగ్గరగా, గొలుసుల మీద నడిచే బరువైన మిషను ఉరుము. కప్పు చెక్కలు కిర్రుమన్నాయి. వేళ్ల సందుల్లోంచి ఇసుక అన్ని వైపులా కురిసింది.

"ఏమండీ! ఇక్కడ! కిందున్నాం!" అని కోడలు గొంతు చించుకుని అరిచింది. అత్తగారు కర్ర ఎత్తి కప్పు మీద బాదింది. ఆ రొదలో తమ కేకలు తమకే వినబడలేదు. మిషను నెత్తి మీదకి వచ్చింది. ఒక్క క్షణం ఆగినట్టే ఆగింది. దాటిపోయింది.

చప్పుడు దక్షిణం వైపు వెళ్తోంది.

కోడలు పరుగున వెళ్లి మొదటి గదిలోకి చూసింది. ఇసుక గూటి దాకా వచ్చేసింది, తలుపు మీదుగా ఇటు పారడం మొదలుపెట్టింది. పైన మూసుకుపోయిన కన్నం వంక చూసింది. దాన్ని కదిపితే దాని మీదున్న దిబ్బంతా వాళ్ల నెత్తిన పడొచ్చు. పడకపోనూవచ్చు. ఒకసారి ఒకడు బయటపడ్డాడు.

"అత్తయ్యా, నేను ముందు..."

ఆవిడ ఆమెని పక్కకి జరిపింది. చేతికర్ర చీర కుచ్చిళ్లలో దోపుకుంది, చెప్పులు విడిచింది, బొటనవేలు గుంటలో ఇరికించి, బాగున్న కాలు మొదటి మెట్టులో పెట్టింది.